పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు ఏడు గంటలా?

ప్రశ్న: మా అమ్మాయి ఉద్యోగానికి హైదరాబాద్ నుంచి కువైట్ వెళ్తోంది. రాత్రి 10.30కు బయలుదేరే విమానం అర్ధరాత్రి దాటాక 1.00కు చేరుతుందని టికెట్టులో ఉంది. తిరుగు టికెట్టులోనేమో అక్కడ రాత్రి 10.30కు బయలుదేరి, తెల్లవారుజామున 5.30కు హైదరాబాద్ చేరుతుందని ఉంది. ఒకే దూరానికి ఇంత తేడా ఏమిటి? అమ్మాయి ఫోను కోసం ఎన్నింటి నుంచి ఎదురుచూడాలి?
– ఒక తల్లి, రాజోలు

జవాబు: అమ్మా, టికెట్టులో తప్పేమీ లేదు. బయలుదేరే వేళను బయలుదేరే ఊరి గడియారం ప్రకారం, చేరే వేళను చేరే ఊరి గడియారం ప్రకారం వేస్తారు; ఆ రెండు గడియారాలూ ఒకటి కావు.

మన దేశమంతటికీ వేళను నిర్ణయించే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీకు దగ్గరలోనే, కాకినాడ పక్కగా పోతుంది. కువైట్ గడియారం 45 డిగ్రీల రేఖాంశాన్ని అనుసరిస్తుంది. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కనుక, మధ్యనున్న 37.5 డిగ్రీలకు 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు వాళ్లు మనకంటే వెనక ఉంటారు. కోనసీమలో ఒక లంక గ్రామంలో, గోడ గడియారం కింద ‘కువైట్ – రెండున్నర తగ్గించాలి’ అని రాసి అంటించిన కాగితాన్ని నేను చూశాను. మీరూ అలాగే ఒకటి అంటించుకోండి.

అక్కడి 1.00 అంటే మనకు 3.30, కాబట్టి వెళ్లే ప్రయాణం 5 గంటలు. అక్కడి రాత్రి 10.30 అంటే మనకు 1.00, అక్కడి నుంచి 5.30 దాకా లెక్కిస్తే వచ్చే ప్రయాణం నాలుగున్నర గంటలు. గడియారాల తేడా తెలియకపోయినా సగటు ప్రయాణ సమయం తెలుసుకోవచ్చు: టికెట్ల మీద కనిపించే రెండున్నరనూ ఏడునూ కూడి సగం చేస్తే 4 గంటల 45 నిమిషాలు వస్తుంది. పోయేటప్పుడు తగ్గిన రెండున్నర గంటలే వచ్చేటప్పుడు కలుస్తాయి కనుక ఈ లెక్క ఏ రెండు ఊళ్ల మధ్యనైనా సరిపోతుంది.

మిగిలిన అరగంట తేడాకు ముఖ్య కారణం గాలి. చలికాలంలో ఉత్తర భారతం మీదుగా, విమానాలు ఎగిరే ఎత్తులో, పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. అది వెళ్లే విమానానికి ఎదురు, వచ్చే విమానానికి తోడు. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణ భారతం మీద, ఇంకా పైన, తూర్పు గాలి పరుగెడుతుంది. దాన్ని గురించి మన వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం 1958లో వివరంగా రాశారు.

దూరం మాటకొస్తే, గ్లోబు మీద దారం బిగించి కొలిస్తే రెండు విమానాశ్రయాల మధ్య సుమారు 3,370 కిలోమీటర్లు. విమానం పోయే దారి ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది.

ఇక ఫోను సంగతి. మన లెక్కలో 3.30కు విమానం దిగినా, ఇమిగ్రేషన్ వరుస, సామాను, అక్కడి సిమ్ కార్డు, ఇవన్నీ అయ్యేసరికి గంటా గంటన్నర పడుతుంది. కనుక తెల్లవారి 5 దాకా ఫోను రాకపోయినా కంగారుపడకండి. ‘దిగగానే విమానాశ్రయం వైఫైలో ఒక్క మాట పంపు’ అని అమ్మాయికి ముందే చెప్పి పంపండి.