ఒంటరిగా కొండల్లోకి డ్రైవ్.. బీపీ ఉన్నవాళ్లు వెళ్లొచ్చా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగేళ్లుగా బీపీకి లోసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను, కంట్రోల్‌లోనే ఉంది. జులైలో కొలరాడోలోని రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకి ఒక్కడినే కారులో వెళ్తున్నాను. శుక్రవారం సాయంత్రం ఆఫీసు అవ్వగానే బయల్దేరి, రాత్రంతా నడిపి, శనివారం ట్రైల్ రిడ్జ్ రోడ్ ఎక్కి, ఆ రాత్రి పార్కులోనే టెంట్‌లో పడుకోవాలని ప్లాన్. ఇంట్లోవాళ్లు టెన్షన్ పడుతున్నారు. వెళ్లొచ్చా? ముందుజాగ్రత్తగా మాత్రలేమైనా వేసుకోవాలా?

జవాబు: వెళ్లొచ్చు. బీపీ అదుపులో ఉన్నంతవరకు కొండ ఎక్కడానికి అదేం అడ్డం కాదు. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఆ శుక్రవారం రాత్రి. పొద్దున ఏడింటికి లేచిన మనిషికి అర్ధరాత్రికల్లా 17 గంటల మెలకువ అవుతుంది. అప్పటికి స్టీరింగ్ మీద మన చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ల స్థాయికి పడిపోతుంది. కాఫీ తాగితే కాసేపు కళ్లు తెరుచుకుంటాయి గానీ నిద్ర బాకీ తీరదు. పక్క సీట్లో మాట్లాడే మనిషి కూడా లేరు.

కాబట్టి మీ ప్లాన్‌కి ఇంకో రెండు రోజులు కలపండి. శుక్రవారం రాత్రి అమరిల్లోలో ఆగి పడుకోండి. అది సుమారు 3,600 అడుగుల ఎత్తు. శనివారం రాత్రి డెన్వర్‌లో, అక్కడ 5,280 అడుగులు. ఆదివారం ఎస్టెస్ పార్క్ ఊళ్లో, 7,522 అడుగులు. ట్రైల్ రిడ్జ్ రోడ్ సోమవారం పొద్దున. ఇలా వెళ్తే నిద్రా దక్కుతుంది, ఒంటికి ఎత్తూ అలవాటవుతుంది. దారిలో రెండు గంటలకోసారి కారు ఆపి ఐదు నిమిషాలు నడవండి. గంటల తరబడి కాళ్లు ముడుచుకుని కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది.

ట్రైల్ రిడ్జ్ రోడ్ 12,183 అడుగుల దాకా వెళ్తుంది. గాలిలో ఆక్సిజన్ వాటా అక్కడా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. అందుకే ఒక్కో శ్వాసకి అందే ఆక్సిజన్ దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. కింద కొన్న చిప్స్ ప్యాకెట్‌ని పైన ఆల్పైన్ విజిటర్ సెంటర్ దగ్గర ఒకసారి చూడండి, బంతిలా ఉబ్బిపోయి ఉంటుంది. పైకి వెళ్లి రెండు మూడు గంటల్లో దిగిపోతే చాలామందికి పెద్ద ఇబ్బంది రాదు. తలనొప్పి, వికారం, నీరసం సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత మొదలవుతాయి. అంటే పగలు ఎంత ఎత్తుకి వెళ్లారన్నదాని కంటే రాత్రి ఏ ఎత్తులో పడుకున్నారన్నదే ముఖ్యం. పార్కులోని క్యాంప్‌గ్రౌండ్‌లన్నీ 8,000 అడుగులకు పైనే ఉన్నాయి. టెంట్ సరదా సోమవారం రాత్రికి వాయిదా వేయండి. కొండ మీద మొదటి రెండు రాత్రులు మద్యం, నిద్రమాత్రలు వద్దు.

ఇక మాత్రల సంగతి. ఎత్తు పడనివాళ్లకి ఎసిటజోలమైడ్ ఇస్తాం. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, పైకి వెళ్లడానికి ఒక రోజు ముందు నుంచి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, సోడా చప్పగా అనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. కానీ మీ బీపీ మాత్రలో ఇప్పటికే మూత్రం ఎక్కువగా పోయించే మందు ఉంది. ఇది కూడా అలాంటిదే. రెండూ కలిస్తే ఒంట్లో నీరు, పొటాషియం తగ్గిపోవచ్చు. సల్ఫా మందులు పడనివాళ్లయితే ఆ మాట కూడా డాక్టరుకి చెప్పాలి. పైన చెప్పినట్టు మెల్లగా వెళ్తే మీకు ఈ మాత్ర అవసరం పడకపోవచ్చు. అయినా ఒకసారి మీ డాక్టర్ని అడగండి, సొంతంగా కొనుక్కోవద్దు.

తలనొప్పి వస్తే చాలామంది చెయ్యి ముందు ఐబుప్రోఫెన్ మీదకే పోతుంది. మీరు మాత్రం వేసుకోకండి. లోసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్, ఐబుప్రోఫెన్ మూడూ కలిస్తే, అందులోనూ నీళ్లు తక్కువ తాగిన రోజున, కిడ్నీలు దెబ్బతినొచ్చు. టైలినాల్ (పారాసిటమాల్) చాలు. ఎత్తులో మొదటి రోజుల్లో బీపీ కొంచెం పెరగడం మామూలే. మిషన్ వెంట ఉంచుకుని పొద్దునే చూసుకోండి. అంకె పెరిగిందని మీ అంతట మీరు డోసు మార్చొద్దు. మందుల్ని ఎండలో ఆపిన కారులో వదిలేయకండి.

పైన ఒంట్లో బాగోలేకపోతే అసలు వైద్యం కిందికి దిగడమే. మామూలుగా అయితే పక్కవాళ్లు దింపుతారు. మీ విషయంలో పేషెంటూ మీరే, డ్రైవరూ మీరే. అందుకని ఇతరులు 'చూద్దాంలే' అనుకునే దశలోనే మీరు కిందికి బయల్దేరాలి. తలనొప్పికి వికారం తోడైందంటే, ఒళ్లు ఇంకా స్వాధీనంలో ఉండగానే దిగిపోండి. అనుమానంగా ఉంటే పార్కింగ్‌లోని తెల్లగీత మీద ఒక కాలి వేళ్లకి రెండో కాలి మడమ ఆనించుకుంటూ పది అడుగులు వేసి చూడండి. తూలుతున్నా, ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా కారు తీయొద్దు. దగ్గర్లో ఎవరుంటే వాళ్లని పిలవండి, రేంజర్‌కి (పార్కు సిబ్బందికి) చెప్పండి, 911కి ఫోన్ చేయండి.

పార్కులో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. ఏ రోజు ఏ దారిలో వెళ్తారో, కిందికి వచ్చి ఎన్నింటికి ఫోన్ చేస్తారో ఇంట్లోవాళ్లకి ముందే రాసివ్వండి. ఆ టైము దాటి ఎంతసేపైతే వాళ్లు పార్కు వాళ్లకి ఫోన్ చేయాలో కూడా అందులో రాయండి. వేసవి మధ్యాహ్నాల్లో అక్కడ పిడుగులు మామూలు, చెట్లు లేని ఎత్తుల నుంచి పన్నెండు లోపే దిగిపోండి. మీ మందుల పేర్లు, డోసులు ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.