కండ్రిగ అంటే పల్లెటూరేనా, వేరే అర్థం ఉందా?

శ్రీకాళహస్తి దాటి బుచ్చినాయుడు కండ్రిగ వైపు పోతుంటే బోర్డుల మీద కండ్రిగలే కండ్రిగలు, పల్లెకూ దానికీ తేడా ఏంటని అడిగారు కదా. మా అమ్మ పుట్టినూరు ఆ పక్క ఒక కండ్రిగే. నాకు తెలిసింది చెబుతాను.

ఇప్పటి వాడుకలో రెండూ చిన్న ఊళ్ళే, కానీ పుట్టుక వేరు. పల్లె అంటే మనుషులుండే చోటు. కండ్రిగ మొదట భూమికి పెట్టిన పేరు. ఊరి పొలంలో కొంత విడదీసి ఎవరికైనా ఇనాంగానో, తక్కువ శిస్తుకో ఇస్తే ఆ ముక్క కండ్రిగ. పాత రెవెన్యూ లెక్కల్లో అగ్రహారం, శ్రోత్రియం (వేదం చదివిన బ్రాహ్మణులకిచ్చిన భూమి) సరసనే ఈ మాటా కనిపిస్తుంది. సేద్యం చేసేవాళ్ళు అక్కడే గుడిసెలు వేసుకున్నారు, ఇండ్లు పెరిగాయి, పొలం పేరే ఊరికి నిలిచిపోయింది. చాలా కండ్రిగలకు ముందు ఒక మనిషి పేరో ఇంటిపేరో ఉండేది అందుకేనని నా నమ్మకం. 2014లో సచిన్ దత్తత తీసుకున్న గూడూరు దగ్గరి పుట్టంరాజు కండ్రిగ కూడా అలాంటి పేరే.

మా అమ్మ ఊరినే చూడండి. చెరువు కట్ట కింద ఒకటే వీధి, చివర రాములవారి గుడి, అంతే. అయినా రెవెన్యూ లెక్కల్లో అది సొంత గ్రామం, సర్వే నంబర్లు ఒకటి నుంచి మొదలవుతాయి. పక్కనున్న పల్లెలో ఇండ్లు చాలా ఎక్కువ, బడి కూడా ఉంది. కానీ కాగితాల మీద అది వేరే ఊరికి మజరా, అంటే ఆ ఊరి లెక్కలో కలిసిపోయిన శివారు పల్లె. మా మామ పాసుపుస్తకం చూసినప్పుడు ఇదేం వింత అనిపించింది నాకు. ఇండ్లను బట్టి కాదు, భూమిని బట్టి గీసిన లెక్క అది. ఆ మజరా అన్న మాటకూ అరబ్బీలో అసలు అర్థం విత్తనం వేసిన నేలే!

అరవంలో దీన్నే కండిగై అంటారు. చెన్నై పక్కన వండలూరు దగ్గర ఆ పేరుతోనే ఊరుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మన తిరుపతి, కాళహస్తి అన్నీ ఉత్తర ఆర్కాటులోనివే కదా, అటూ ఇటూ ఒకే మాట ఉండటంలో ఆశ్చర్యం లేదు.

ఊరి పేర్ల చివర కనిపించే పాళెం సంగతి వేరు. అది దండు విడిది చేసిన చోటు, పాళెగాళ్ళ కాలం మాట.

మీ ఊరు కూడా కండ్రిగే అయితే రెవెన్యూ వాళ్ళను పాత డైగ్లాట్ రిజిస్టరు (ఇంగ్లీషు, తెలుగు రెండింట్లో రాసిన పాత భూముల లెక్క పుస్తకం) ఒకసారి చూపించమనండి. ఏది ఇనాం భూమో, ఏది సర్కారు భూమో అందులో నంబరు వారీగా రాసి ఉంటుంది.