రొట్టె కాలిందా, మాడిందా?

సందేహం: మాది పర్లాకిమిడి. మా మామ్మకు ఎనభై ఏళ్ళు దాటాయి. ఆవిడ చేసే పిండివంటలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసిపెడుతున్నాను. ఒడియావాళ్ళ రజ పండగకి చేసే పోడపిఠా అనే పిండివంట దగ్గర చిక్కొచ్చింది. "దాకని కుమ్ములో పెట్టీసి, మూత మీద నిప్పులేసి, రాత్రంతా కాల్చాల" అని మామ్మ చెప్పింది. నేను అలాగే రాశాను. హైదరాబాదులో పెరిగిన మా వదిన అది చదివి, "కాల్చడమంటే తగలబెట్టడం. బేక్ చేయాలి అని రాయి. వేపాలి అని కూడా రాశావు, అది పల్లెటూరి మాట, వేయించాలి అనాలి" అంది. బేక్‌కి తెలుగు మాట లేదా? వేపడం తప్పా? సోలెడు, చారెడు అని రాస్తే ఇప్పటి పిల్లలకు అర్థమవుతుందా? పిఠా అని ఎలా రాయాలి? – ఒక పాఠకురాలు, గజపతి జిల్లా, ఒడిశా

సమాధానం: అమ్మా, మీరు రాసినదాంట్లో తప్పేమీ లేదు. కొట్టివేతలు చేసి ఉంటే ఆ పేజీ మళ్ళీ రాయండి.

మీ వదినగారు ఇంట్లో చపాతీలు చేసేటప్పుడు ఏమంటారో ఒకసారి వినండి. "చపాతీలు కాలుస్తున్నాను" అనే అంటారు. మొక్కజొన్న పొత్తు కాల్చుకు తింటాం. పచ్చడికి వంకాయ కాలుస్తాం. ఇటుకలు కాలుస్తారు, కుండలు కాలుస్తారు. ఇటుకలు కాల్చారంటే బూడిద అయ్యాయని ఎవరూ అనుకోరు, గట్టిపడి పనికొచ్చాయనే అనుకుంటారు. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు ముట్టుకుని "ఒళ్ళు కాలిపోతోంది" అంటాం. అక్కడ ఉన్నది వేడి మాత్రమే. ఇల్లు కాలింది, అడవి కాలింది అన్నప్పుడు నాశనం అనే అర్థం వస్తుంది, నిజమే. అది ఇల్లు, అడవి అనే మాటల పక్కన చేరినందువల్ల వచ్చిన అర్థం. రొట్టె పక్కన చేరితే కాల్చడం అంటే వండడమే.

వంట చెడిపోయిందని చెప్పడానికి తెలుగులో వేరే మాట ఉంది: మాడు. రొట్టె కాలింది అంటే తినడానికి సిద్ధమయింది. రొట్టె మాడింది అంటే చెడింది. ఈ రెండింటినీ తెలుగువాళ్ళు ఎప్పుడూ కలిపెయ్యలేదు. కడుపు మీద ఉన్న పలుకుబళ్ళే చూడండి. కడుపు కాలుతోంది అంటే ఆకలి. కడుపు మాడ్చుకుంటున్నాడు అంటే తిండి మానేసి బాధపడుతున్నాడు. కడుపు మండిపోతోంది అంటే కోపమో, ఈర్ష్యో. కాలు, మాడు, మండు మూడూ నిప్పు మాటలే. అయినా ఒకటి వాడాల్సిన చోట ఇంకొకటి వాడితే చిన్నపిల్లలు కూడా పట్టుకుంటారు. మొహం మాడ్చుకున్నాడు అంటాం గానీ, చిన్నబుచ్చుకున్నవాణ్ణి మొహం కాల్చుకున్నాడు అనం.

ఒడియాలో పోడ అన్నా కాలినదనే. పోడపిఠా అంటే కాల్చిన పిండివంట. పూరీలో జగన్నాథుడు గుండిచా గుడి నుంచి తిరిగి వచ్చే బాహుడా యాత్ర రోజున, దారిలో మౌసీమా గుడి దగ్గర రథం ఆపి ఆయనకు నైవేద్యం పెట్టేది ఈ పోడపిఠానే. మాడిపోయినది దేవుడికి ఎవరూ పెట్టరు కదా. కాబట్టి "కాల్చాల" అన్నప్పుడు మీ మామ్మగారు ఒడియా పేరుకి సరిగ్గా సరిపోయే తెలుగు క్రియనే వాడారు. ఇక్కడ ఇంకో మాట గుర్తొస్తోంది. కొండల మీద అడవి నరికి, కాల్చి చేసే సేద్యాన్ని తెలుగులో పోడు అంటాం. కోరాపుట్ వైపు ఒడియావాళ్ళు కూడా పోడు అనే అంటారు. మీ జిల్లాలో ఉన్నవాళ్ళకి పోడపిఠా, పోడు రెండూ రోజూ చెవిన పడే మాటలే.

ఇక అసలు ప్రశ్న. బేక్‌కి తెలుగు మాట లేదా? ఉన్నది ఒకటే మాట కాదు, చాలా ఉన్నాయి. మన ఇళ్ళలో నాలుగు గోడల మధ్య వేడిని బంధించే పెట్టె లేదు. ఉన్నది పొయ్యి, పొయ్యిలో మిగిలిన నిప్పు. అందుకని మనవాళ్ళు ఏ నిప్పు, ఎంత సెగ అన్నదాన్ని బట్టి మాటలు పెట్టుకున్నారు. మంట ఆరిపోయాక వేడి బూడిదలో మిగిలి ఉండే నిప్పు కుమ్ము. ఉల్లిపాయో, చిలగడదుంపో అందులో కప్పి పెడితే పొట్టు నల్లబడుతుంది, లోపల మెత్తబడుతుంది. నిప్పు మీద పట్టే పలచని బూడిద పొర నివురు. పిడకలు రాజేసి, పాలకుండ పెట్టి, పగలంతా సన్న సెగన కాచే గుంట దాలి. బొగ్గులు వేసి ఎక్కడికి కావాలంటే అక్కడికి మోసుకుపోయేది కుంపటి. కుమ్మరి కుండలు కాల్చేది ఆవం. ఇటుకలకి, సున్నానికి బట్టీ. వీటిలో చాలావరకు బేక్ చేసే చోట్లే. మీ మామ్మగారి వాక్యంలో "కుమ్ములో" అన్న ఒక్క మాట తీసేసి బేక్ అని రాశారనుకోండి. ఎంత సెగ పెట్టాలో, ఎంత నెమ్మదిగా కాలాలో, మంట ఉండాలో వద్దో, ఇవన్నీ దానితోపాటే పోతాయి. ఆ మాట తీసేస్తే వంట విధానమే పోయినట్టు.

మాది బరంపురం. మా మామ్మ దిబ్బరొట్టె కాల్చేటప్పుడు పక్కన కూర్చునేవాణ్ణి. మందపాటి ఇత్తడి గిన్నెలో నూనె రాసి, మినప్పిండి పోసి, మూత పెట్టి, మూత మీద నిప్పులు పేర్చేది. కిందా నిప్పే, పైనా నిప్పే. మీ పోడపిఠాకీ మా దిబ్బరొట్టెకీ బెల్లం, కొబ్బరి పలుకులు, అల్లం, అరిటాకు తేడా ఉండొచ్చు గానీ నిప్పు పెట్టే పద్ధతి ఒక్కటే. మధ్యలో మూత తీసి చూడనిచ్చేది కాదు. "వాసన చెప్తాది" అనేది. పిండి వాసన పోయి కమ్మటి వాసన రావడం మొదలైతే నిప్పులు కొన్ని తీసేసేది. వాసన ఇంకొంచెం ముదిరితే "మాడబోతాంది" అని గబుక్కున దించేది. కాలడానికీ మాడడానికీ మధ్య గీత ఎక్కడుందో నాకు నిఘంటువు కంటే ముందు ఆ వంటింట్లోనే తెలిసింది.

అలాగని బేక్ అనే మాట మీద నాకు కోపం లేదు. ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర అరగంట పెట్టే కేకుకి "బేక్ చేయాలి" అని రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండక్కర్లేదు. యంత్రం బయటి నుంచి వచ్చింది, మాటా దానితో వచ్చింది. మీరే రేపు ఓవెన్‌లో పోడపిఠా చేస్తే ఆ పేజీలో బేక్ అని రాసుకోండి. మామ్మగారి పేజీలో మాత్రం వద్దు. ఆవిడ దాకలో ఇసుక పోసి, దాని మీద గిన్నె పెట్టి మనవలకి కేకు చేసినా సరే, ఆవిడ ఏ మాట అంటే అదే రాయండి.

వేపడం సంగతి. ఇది పల్లెటూరి మాట అనడం నాకు బాధ కలిగించింది, ఎందుకంటే వ్యాకరణం ప్రకారం ఇది చక్కగా ఏర్పడిన మాట. గుతో ముగిసే కొన్ని క్రియలు, ఒకరు పూనుకుని చేసే పనిని చెప్పేటప్పుడు పుగా మారతాయి: ఊగు – ఊపు, ఆగు – ఆపు, రేగు – రేపు. ఉయ్యాల ఊగుతుంది, మనం ఊపుతాం. అలాగే గింజలు వేగుతాయి, మనం వేపుతాం. ఇంకొన్ని చుగా మారతాయి: దాగు – దాచు, తూగు – తూచు, కాగు – కాచు. పాలు కాగుతాయి, మనం కాస్తాం. వేగు అనే క్రియకు రెండు దారులూ ఉన్నాయి. వేచు అనేది పాత రూపం, వేపు అనేది మన ఉత్తరాంధ్ర వైపు, ఒడిశా తెలుగువాళ్ళలో బతికి ఉన్న రూపం. వేయించు అని ఎక్కువమంది రాస్తున్నారు, అదీ మంచిదే. కానీ వేయించు అనేవాళ్ళు కూడా కూర పేరు చెప్పేటప్పుడు బెండకాయ వేపుడు, దొండకాయ వేపుడు అనే అంటారు. పెళ్ళి భోజనంలో వేపుడు అంటే పెద్దమనిషి మాట, మామ్మ నోట వేపడం అంటే పల్లెటూరి మాట ఎలా అవుతుంది? మీ పుస్తకంలో వేపాలి అని ధైర్యంగా రాయండి.

మిక్సీ వచ్చాక ఇలాంటిదే ఇంకొకటి జరిగింది. తడిపి పొత్రంతో రుబ్బడం, రోకలితో దంచడం, తిరగలితో విసరడం, రాతి మీద నూరడం, నాలుగూ కలిసి గ్రైండ్ చేయడం అయిపోయాయి. అరిసెల పిండి దంచాలా, విసరాలా అన్నది రుచికి సంబంధించిన ప్రశ్న. ఒడియావాళ్ళ ఆరిసా పిఠాకీ అదే ప్రశ్న. మామ్మగారు ఏ మాట అన్నారో జాగ్రత్తగా వినండి.

కొలతల దగ్గరకి వస్తే, ఇక్కడ మీకు కొంచెం పని ఉంది. పాత లెక్కలో నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. అయితే ఒక ఇంటి సోల ఇంకో ఇంటి సోలతో సరిగ్గా కలుస్తుందని నమ్మకం లేదు. అందుకని మీ ఇంట్లో ఉన్న సోలతో బియ్యం కొలిచి, తూకం వేసి, "సోలెడు (ఇన్ని గ్రాములు)" అని రాయండి. చారెడు అంటే ఒక అరచేతి గుంటలో పట్టినంత, దోసెడు అంటే రెండు అరచేతులు కలిపితే పట్టినంత. ఇవి మామ్మగారి చేతి కొలతలు. ఆవిడ చేతే తీయించి తూకం వేయించండి. పిల్లలకు అర్థం కాదేమో అని మాట తీసేయొద్దు, అంకె పక్కన చేర్చండి.

నిజానికి ఈ పిల్లలకే ఆ మాట తెలియకుండానే తెలుసు. సోలెడు, గిద్దెడు, గంపెడు, కడివెడు అన్నవాటి చివర ఉన్న ఎడు అనే ప్రత్యయానికి "అది నిండేటంత" అని అర్థం. జానెడు, మూరెడు, బారెడు పొడవుకి. ఈ ప్రత్యయం ఇప్పటికీ పని చేస్తూనే ఉంది. గ్లాసుడు నీళ్ళు, కప్పుడు రవ్వ, బకెట్టుడు పాలు అని హైదరాబాదులోనూ అంటారు. ఇంగ్లీషు పాత్ర వచ్చినా తెలుగు కొలతే దాని చివర కూర్చుంది. నాకు ఎప్పుడు విన్నా సంతోషం కలిగించే మాటలివి.

పిఠా అని ఒత్తు ఠతోనే రాయండి. మన పీటతో కలవకుండా ఉంటుంది.

చివరగా మీరు అడగనిది ఒకటి. "పెట్టీసి", "కాల్చాల" అన్న రూపాలను మీరు సందేహంలో అలాగే ఉంచారు, పుస్తకంలో మాత్రం "పెట్టేసి", "కాల్చాలి" అని దిద్దుతున్నారేమో అనిపించింది. చేసే పద్ధతిని మీ మాటల్లో మామూలు తెలుగులో రాయండి, చదివేవాళ్ళకి సులువు. కానీ ప్రతి వంటకీ మామ్మగారు చెప్పిన వాక్యాలు రెండు మూడైనా ఆవిడ అన్నట్టే, ఒక్క అక్షరం మార్చకుండా పైన పెట్టండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు మీ ఊళ్ళోనే పాఠాలు చెప్పారు, సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నదీ ఆ ప్రాంతంలోనే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన రాతకోసం కోరింది చదువుకున్నవాళ్ళ వాడుక భాష, అది నిజం. మామ్మగారి మాట దానికి ఒక అడుగు అవతల ఉంది. కానీ సవర పలుకుబడిని అక్షరం పోకుండా పట్టుకోవడానికి ఏళ్ళ తరబడి కష్టపడిన మనిషి తిరిగిన ఊళ్ళో, ఎనభై ఏళ్ళ తెలుగు ఇల్లాలి పలుకుబడిని దిద్దడం నాకు సరిగ్గా తోచడం లేదు.

రజ పండగ జూన్ మధ్యలో మూడు రోజులు వస్తుంది కదా. ఈసారి తెల్లవారి దాక తీసేటప్పుడు పక్కనే ఉండండి. పోడపిఠా పైన ముదురు రంగులో గట్టిగా కడుతుందే, ఆ పొరను మామ్మగారు ఏమంటారో అడగండి. మా ఇంట్లో దిబ్బరొట్టె మీద కట్టేదాన్ని పెచ్చు అనేవాళ్ళం, దానికోసం పిల్లలం కొట్టుకునేవాళ్ళం. మీ మామ్మగారు వేరే మాట అంటే నాకు రాసి పంపండి.