సన్‌షేడ్ కింద కందిరీగలు: మీ సందేహాలు, మా సమాధానాలు

వానలు మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో కందిరీగల గురించినవే ఎక్కువగా ఉన్నాయి. వాటిలో ఐదింటిని ఎంచుకున్నాం. అందరూ కందిరీగలనే రాశారు కానీ, వర్ణనలను బట్టి చూస్తే అవి నాలుగు రకాల పురుగులు, అందులో ఒకటి అసలు కందిరీగే కాదు. ఏ పురుగో తేలకుండా ఏం చేయాలో చెప్పడం కుదరదు కనుక, ప్రతి సమాధానంలోనూ ముందుగా ఆ సంగతే రాస్తున్నాం.

ప్రశ్న: మా వంటగది కిటికీ సన్‌షేడ్ కింద బూడిద రంగులో, తామరకాయను తలకిందులుగా వేలాడదీసినట్టు ఒక గూడు ఉంది. అరచేయంత ఉంటుంది. దాని మీద పది పదిహేను సన్నటి ఈగలు కూర్చుని ఉంటున్నాయి. మా వారు కర్రకు గుడ్డ చుట్టి, పెట్రోలులో ముంచి కాల్చేస్తానంటున్నారు. ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: ముందు మీ వారి చేతిలోని దివిటీని కింద పెట్టించండి. పైకెత్తిన కర్ర నుంచి మండుతున్న పెట్రోలు చుక్కలు పట్టుకున్న మనిషి చేతి మీదికే జారతాయి. పైగా అక్కడ ఉన్నది వంటగది కిటికీ. మా చిన్నప్పుడు పశువుల కొట్టం చూరులో ఉన్న గూడును మా చిన్నాన్న ఇలాగే కాల్చబోయాడు. గూడు కాలింది, దానితో పాటు చూరు గడ్డి కూడా అంటుకుంది. మేతకు వెళ్ళిన ఈగలు తిరిగి వచ్చి, గూడు లేక, సాయంత్రం దాకా నీళ్ళు పోస్తున్న వాళ్ళ తలల చుట్టూ తిరిగాయి.

మీరు వర్ణించినది కాగితపు గూడు. ఈ కందిరీగలు ఎండిన కర్ర పీచును కొరికి, ఉమ్మితో కలిపి నమిలి, ఆ ముద్దతో గదులు కడతాయి. గూటికి పైన కప్పు ఉండదు కనుక గదులు కింది నుంచి స్పష్టంగా కనిపిస్తాయి. గూడు మొత్తం ఒక సన్నటి కాడ మీద వేలాడుతుంది. చీమలు దిగి రాకుండా ఆ కాడకు ఈగలు తమ ఒంటి నుంచి వచ్చే ఒక పూతను పూస్తూ ఉంటాయి. రాణిని చంపితే గూడు ఖాళీ అవుతుందని కొందరు అనుకుంటారు, అది నిజం కాదు. మన ఇళ్ళలో కనిపించే ఇలాంటి ఒక జాతిని బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గడగ్‌కర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది; రాణిని తీసేసిన కొద్దిసేపటికే మరో ఆడ ఈగ పెత్తనం చేతిలోకి తీసుకుంటుందని వాళ్ళు చూపించారు.

గూడు ఎవరి చేతికీ తలకీ తగలని ఎత్తులో, రాకపోకలు లేని చోట ఉంటే వదిలేయమనే నా సలహా. ఈ ఈగలు పెరటి మొక్కల మీది గొంగళి పురుగులను పట్టుకెళ్ళి పిల్లలకు మేపుతాయి, గూటి జోలికి వెళ్ళనంత వరకు మనల్ని పట్టించుకోవు. మీ విషయంలో మాత్రం రోజూ తెరవాల్సిన కిటికీ, పైగా చిన్నపిల్ల కాబట్టి తీయించడమే మంచిది. అరచేయంత గూడును తీసే పని పురుగుల మందు కొట్టే పనివాళ్ళకు అప్పగించండి. వాళ్ళు వచ్చే దాకా ఆ కిటికీ తలుపులు తీయకండి, దాని కింద బట్టలు ఆరేయకండి.

ఇకముందు గూడు రూపాయి బిళ్ళంత ఉండి, ఒకటి రెండు ఈగలు మాత్రమే ఉన్నప్పుడే కంటపడితే మీరే తీసేయవచ్చు, అయితే ఇంతకు ముందు కందిరీగ కుట్టి ఒళ్ళంతా దద్దుర్లు లేచిన వాళ్ళు ఆ పనికి దగ్గరకు కూడా రాకూడదు. చీకటి పడ్డాక ఈగలన్నీ గూటి మీదికి చేరి మందంగా ఉంటాయి. నిండు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు, తలకు తువ్వాలు, కళ్ళకు అద్దాలు ఉండాలి. బట్టల సబ్బు బాగా కలిపిన నీళ్ళను దూరంగా చిమ్మే సీసాలో పోసి, నేల మీద నిలబడి, గూడు తడిసిపోయేలా కొట్టండి. సబ్బు నీరు ఈగ పక్కలలోని గాలి రంధ్రాల్లోకి పోవడం వల్ల అది ఎగరలేక రాలిపోతుంది. నిచ్చెన ఎక్కి మాత్రం ఈ పని చేయవద్దు. ఒక్క ఈగ ముఖం మీదికి వస్తే మనిషి చేయి వదిలేస్తాడు, అప్పుడు కుట్టడం కన్నా పడటమే పెద్ద దెబ్బ. చేతిలో టార్చిలైటు పట్టుకోకండి, లేచిన ఈగ వెలుతురు వైపే వస్తుంది. దీపాన్ని పక్కకు దూరంగా పెట్టి, మీ వెనక తలుపు తీసి ఉంచుకోండి. మర్నాడు గూటిని కాడతో సహా గీకేసి ఆ చోటు కడిగేయండి.

ప్రశ్న: మా పాత రాతిగోడ సందులో నుంచి అంగుళం పొడవున్న ఎర్రటి ఈగలు వస్తూ పోతూ ఉన్నాయి. పొట్ట మీద పసుపు పట్టీ ఉంది. రాత్రిపూట ఆ సందును సిమెంటుతో మూసేస్తే పీడ వదులుతుందని మేస్త్రీ అంటున్నాడు. మూయించమంటారా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మూయించవద్దు. ఇవి పెద్ద కందిరీగలు. గోడ బొక్కల్లో, నేల కింద కలుగుల్లో, చెట్టు తొర్రల్లో కాపురం పెడతాయి. బయటికి కనిపించే సందు వేలంత ఉన్నా లోపల గూడు అంతస్తులు అంతస్తులుగా పెరిగి, వందల ఈగలు ఉండవచ్చు. ఒక దారి మూస్తే అవి మట్టిని కొరుక్కుంటూ మరో దారి వెతుక్కుంటాయి, ఆ దారి మీ పడకగదిలోకి తేలితే అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు. సందులో నీళ్ళు పోయడం, పొగ పెట్టడం, దోమల స్ప్రే కొట్టడం కూడా ఇలాంటివే. లోపల ఉన్న వాటన్నింటికీ మందు తగలదు, తగలనివి బయటికి వస్తాయి. తేనెటీగలాగానే వీటిలోనూ గూటికి ముప్పు తగిలితే వెలువడే వాసన మిగిలిన వాటిని రెచ్చగొడుతుంది.

అనుభవం ఉన్న పనివాళ్ళు ఒంటినిండా కప్పే దుస్తులు వేసుకుని, సందె వేళ సందులోకి పొడి మందు ఊదుతారు. వచ్చే పోయే ఈగలు దాన్ని కాళ్ళకు అంటించుకుని లోపలికి చేరుస్తాయి. వరసగా కొన్ని రోజులు ఒక్క ఈగ కూడా కనిపించకపోతే అప్పుడు మీ మేస్త్రీని పిలవండి. ఈలోగా మామిడి తొక్కలు, చేపలు కడిగిన నీళ్ళు, మాంసం ముక్కలు ఆ పక్క పారేయకండి, వీటికి తీపి ఎంత ఇష్టమో నీచు కూడా అంతే ఇష్టం.

ఇదే పరిమాణంలో ఒళ్ళంతా నల్లగా, పొట్ట మీద ఒకే ఒక నారింజ రంగు పట్టీతో ఉండే మరో పెద్ద కందిరీగ కూడా మన దగ్గర ఉంది. తెనాలి పాఠకురాలి సన్‌షేడ్ కింద ఉన్నలాంటి గూళ్ళ మీద పడి, గదుల్లోని పిల్లపురుగులను ఎత్తుకుపోవడం దాని వృత్తి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తు నీళ్ళ ట్యాంకు అడుగున మూడడుగుల వెడల్పున నల్లటి కందిరీగల తుట్టె వేలాడుతోంది. దగ్గరికి వెళితే అల కదిలినట్టు మెరుస్తూ కదులుతోంది. కాల్పించాలని అసోసియేషనులో సగం మంది, వద్దని సగం మంది అంటున్నారు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దన్న వాళ్ళదే సరైన మాట. మీరు చూస్తున్నది పెద్ద తేనెటీగల పట్టు, అంటే కొండ తేనెటీగలు. ఒకే పలక, దాని మీద వేల ఈగల తెర. ఆ అల వాటి హెచ్చరిక. అల కనిపించిన చోటు నుంచి వెనక్కి నడవాలి. ఈ శీర్షికలో వచ్చిన పురుగులన్నింటిలో మనుషులకు ఎక్కువ ప్రమాదం వీటితోనే, ఎందుకంటే ఇవి గుంపుగా లేచి చాలా దూరం తరుముతాయి. ఆ సమయంలో ట్యాంకు దగ్గర లేని మనిషి, కింద స్కూటరు తీస్తున్న మనిషి కూడా కుట్లు తినవలసి వస్తుంది. ఇవి కాలాన్ని బట్టి వలస పోయే జాతి కనుక పట్టు దానంతట అదే ఖాళీ కావచ్చు. ఆగే వీలు లేకపోతే తేనెపట్లు తీసే పనివాళ్ళను పిలిపించండి; ఆ పూట పై అంతస్తుల వాళ్ళందరూ కిటికీలు మూసుకోవాలి. ఈలోగా టెర్రస్ తలుపుకు తాళం వేసి, తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంచండి, ఆ దగ్గరలో టపాసులు కాల్చనివ్వకండి. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని పరుగెత్తి గదిలోకో కారులోకో వెళ్ళి తలుపు వేసుకోవాలి. నీళ్ళలో మునిగినా ఫలితం లేదు, తల పైకెత్తే దాకా అవి పైనే తిరుగుతుంటాయి.

ప్రశ్న: పొలంలో మా నాన్నగారిని ముప్ఫై చోట్ల కందిరీగలు కుట్టాయి. సున్నం రాశాం, ఊళ్ళో ఆర్‌ఎంపీ నొప్పి ఇంజెక్షను ఇచ్చారు. బాగానే ఉన్నారనుకున్నాం. రెండో రోజు మూత్రం టీ డికాషను రంగులో వచ్చింది, ఇప్పుడు ఆసుపత్రిలో డయాలిసిస్ చేస్తున్నారు. మేము ఎక్కడ పొరపాటు చేశాం?
– ఒక పాఠకురాలు, పార్వతీపురం

జవాబు: మీ తప్పు అనను, చాలామంది ఇలాగే చేస్తారు. విషం మోతాదు ఎక్కువైతే అది కండరాలను, ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. ఆ శకలాలు మూత్రపిండాలలో పేరుకుని వాటి పనిని ఆపేస్తాయి. ఇది బయటపడటానికి ఒకటి రెండు రోజులు, కొందరికి ఇంకా ఎక్కువ పట్టవచ్చు కనుక, మొదటి రోజు మనిషి బాగున్నాడని నమ్మి ఊరుకోకూడదు. పది పదిహేను కుట్లు మించితే, పిల్లలకైతే అంతకన్నా తక్కువకే, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తంలో క్రియాటినిన్, మూత్రం పరీక్ష చేయించాలి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు ఇలాంటి సమయంలో మూత్రపిండాలకు అదనపు భారం. మీ నాన్నగారి వంటి వారిలో చాలామందికి కొన్ని వారాల్లో మూత్రపిండాలు తిరిగి కోలుకుంటాయి; ఏ రోజు, ఎన్ని చోట్ల కుట్టాయో, ఏ ఇంజెక్షను ఇచ్చారో డాక్టరుకు వివరంగా చెప్పండి.

ఒక్క కుట్టుకే ప్రాణం మీదికి రావడం వేరే సంగతి. కుట్టిన కొద్ది నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు లేదా నాలుక వాపు, గొంతు పట్టేయడం, ఆయాసం, కళ్ళు తిరగడం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. ఆ స్థితిని ఆపేది తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే, అలర్జీ మాత్ర దానికి బదులు కాదు. నోటిలో, గొంతులో కుట్టినా ఆగకూడదు.

ఒకటి రెండు కుట్లే అయితే సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు ముక్క పెడితే సరిపోతుంది. చేతికి కుట్టితే ఉంగరాలు, గాజులు వెంటనే తీసేయండి, వాపు వచ్చాక కోసి తీయాల్సి వస్తుంది. తేనెటీగ అయితే ముల్లు విరిగి చర్మంలో ఉండిపోతుంది, దాన్ని ఎలా తీశామన్న దానికన్నా ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. కందిరీగ ముల్లు వదలదు, అందుకే ఒకే ఈగ మళ్ళీ మళ్ళీ కుట్టగలదు. సున్నం మాట అంటారా, విషం చర్మం లోపల ఉంటే పైన రాసిన సున్నం చేసేది చర్మాన్ని కాల్చడమే.

ప్రశ్న: పుస్తకాల అలమారలో ఏదో ఈగ మట్టితో గూడు కట్టింది. ఏసీ నీళ్ళ గొట్టం మూతి కూడా మట్టితో మూసుకుపోయింది. గూడు పగలగొడితే అరిష్టమని మా అత్తగారు అంటున్నారు.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఇది ఒంటరిగా బతికే మట్టి కందిరీగ. కాపాడుకోవడానికి సైన్యం లేదు కనుక, చేత్తో నలిపితే తప్ప కుట్టదు. భ్రమరకీటక న్యాయం పుట్టింది దీని ఇంట్లోనే: పురుగును తెచ్చి మట్టిగూటిలో పెట్టి మూసేస్తే కొన్నాళ్ళకు ఈగ బయటికి రావడం చూసి, పురుగే ఈగ అయిందని మన పెద్దలు అనుకున్నారు. నిజానికి ఆ పురుగు, కొన్ని జాతుల్లో అయితే సాలీడు, లోపల పెట్టిన గుడ్డులో నుంచి వచ్చే పిల్లకు దాచిన తిండి. గొట్టం మాత్రం వెంటనే తీగతో పొడిచి శుభ్రం చేసి, మూతికి సన్నటి వల కట్టండి, లేదంటే నీళ్ళు గదిలోకి కారతాయి. అలమారలోని దాని విషయంలో అత్తగారి మాట కొన్నాళ్ళు వినడం వల్ల నష్టం లేదు. మట్టికి గుండ్రని రంధ్రం కనిపించిందంటే ఆ గదిలోని ఈగ వెళ్ళిపోయినట్టే. అన్ని గదులకూ రంధ్రాలు పడ్డాక పాత చాకుతో గీకి తడిగుడ్డతో తుడిచేయండి.