డ్రంక్ అండ్ డ్రైవ్‌లో ఫైన్ కట్టేస్తే కేసు పోయినట్టేనా?

ప్రశ్న: లాయర్ గారూ, రెండు నెలల క్రితం ఫ్రెండ్ పెళ్లి నుంచి రాత్రి బైక్ మీద వస్తుంటే పోలీసులు ఆపి మిషన్‌లో ఊదించారు, 38 వచ్చింది. బండి, లైసెన్స్ తీసుకుని వాయిదా తేదీ రాసిన కాగితం ఇచ్చి పంపేశారు. నాన్నకి హార్ట్ ప్రాబ్లం, తెలిస్తే తట్టుకోలేరని నేను కోర్టుకే వెళ్లలేదు. ఇప్పుడు గవర్నమెంట్ జాబ్ వచ్చింది, కేసులేమైనా ఉన్నాయా అని అడిగే అటెస్టేషన్ ఫామ్ నింపాలి. బ్లడ్ టెస్ట్ చేయలేదు కాబట్టి కేసు నిలబడదని ఒకరు, ఫైన్ కట్టేస్తే అయిపోద్ది ఫామ్‌లో రాయక్కర్లేదని ఇంకొకరు అంటున్నారు. లాయర్ అవసరమా?

జవాబు: లాయర్ అవసరమే, అదీ ఈ వారంలోనే. నాన్నగారి ఆరోగ్యం గురించి చాలా రాశారు గానీ మీ కేసుని తేల్చేది అది కాదు. నేరం ఒప్పుకుంటున్నారా అని జడ్జి గారు అడిగినప్పుడు మీరేం చెప్తారన్నదే మొత్తం కేసు.

ముందు ఒక మాట. వాయిదా కాగితం చేతిలో పెట్టుకుని కోర్టుకి వెళ్లకపోవడం ఏంటండీ? ఈపాటికి వారెంట్ ఇచ్చేసి ఉండొచ్చు. ఇంట్లో తెలియకూడదని దాచారు, రేపు ఆ వారెంట్ పట్టుకుని కానిస్టేబుల్ మీ ఇంటి తలుపే కొడితే నాన్నగారికి ఎలా ఉంటుందో ఆలోచించారా?

ఇది హెల్మెట్ చలానా లాగా ఫోన్‌లో కట్టేసి మర్చిపోయేది కాదు. మోటారు వాహనాల చట్టం 200 సెక్షన్‌లో డబ్బు కట్టి రాజీ చేసుకోగల నేరాల లిస్టు ఉంది, అందులో తాగి బండి నడపడం గురించిన 185 సెక్షన్ లేదు, అంటే కోర్టు మెట్లు ఎక్కాల్సిందే. మొదటిసారి అయితే 6 నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల ఫైన్ లేదా రెండూ, మళ్లీ దొరికితే 2 ఏళ్ల వరకు జైలు లేదా 15,000 లేదా రెండూ. కోర్టులో ఒప్పుకుని ఫైన్ కట్టారంటే మీకు శిక్ష పడినట్టే, రికార్డులో కన్విక్షన్ అనే ఉంటుంది. దానికి తోడు 20వ సెక్షన్ కింద 6 నెలలకి తగ్గకుండా లైసెన్స్ మీద అనర్హత వేయాలి. ఒప్పుకున్నాక అప్పీల్‌కి వెళ్దామన్నా కుదరదు, శిక్ష ఎక్కువైంది లేదా చట్టప్రకారం లేదు అని మాత్రమే వాదించగలరు, దానికి కూడా సెషన్స్ కోర్టులో 30 రోజులే గడువు.

బ్లడ్ టెస్ట్ సంగతి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. అరెస్ట్ చేసిన 2 గంటల్లో డాక్టర్ పరీక్ష చేయించకపోతే వదిలేయాలని 202 సెక్షన్ చెప్పేది నిజమే గానీ అది కస్టడీ నుంచి వదలడం గురించి, కేసు కొట్టేయడం గురించి కాదు, పైగా మిమ్మల్ని అరెస్టే చేసినట్టు లేదు. ఊదిన రిజల్ట్‌ని సాక్ష్యంగా తీసుకోవచ్చని 203 సెక్షన్‌లోనే ఉంది. మీరు చూడాల్సింది ఆ మిషన్‌ని. లిమిట్ 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, మీది 38, అంటే గీత పక్కనే ఉన్నారు. కాబట్టి మిషన్‌కి కాలిబ్రేషన్, అంటే రీడింగ్ సరిగ్గా చూపిస్తుందో లేదో సరిచూడడం, ఎప్పుడు చేయించారు, సర్టిఫికెట్ ఉందా, మిషన్ నుంచి వచ్చిన స్లిప్ మీద టైమ్, మిషన్ నంబర్, మీ పేరు సరిగ్గా ఉన్నాయా, సంతకం మీదేనా అన్నవి గట్టిగా అడగొచ్చు. 150 వచ్చినవాళ్లకి ఈ వాదన పనిచేయదు, మీకు చేయొచ్చు. ఆ స్లిప్ మీ దగ్గర ఉంటే ఈరోజే ఫోటో తీసి పెట్టుకోండి, అలాంటి కాగితం మీద అక్షరాలు త్వరగా వెలిసిపోతాయి. ఆ రోడ్డు మీద సీసీ కెమెరా ఉంటే ఫుటేజ్ భద్రపరచమని లాయర్ ద్వారా వెంటనే అప్లికేషన్ పెట్టించండి, ఇప్పటికే లేట్ అయింది.

లిమిటేషన్, అంటే కేసు వేయడానికి ఉన్న గడువు దాటిపోయిందన్న వాదన మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. మొదటి నేరానికి చార్జిషీట్ వేయడానికి పోలీసులకి ఏడాది టైమ్ ఉంటుంది, మీకు అయింది రెండు నెలలే.

ఇక ఫామ్‌లో రాయక్కర్లేదన్న సలహా. ఇది అస్సలు వినొద్దు, ఉద్యోగం పోయేది డ్రంక్ అండ్ డ్రైవ్ వల్ల కాదు, దీనివల్ల. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, పెండింగ్‌లో ఉన్న చిన్న కేసుని నిజాయితీగా రాస్తే ఆ చిన్న కేసులో వచ్చే తీర్పుకి లోబడి ఉద్యోగం ఇచ్చే విచక్షణ యజమానికి ఉంటుంది. దాచి దొరికితే ఆ దాచడమే తీసేయడానికి కారణం కావచ్చు. పోలీస్ వెరిఫికేషన్‌లో ఇది బయటపడదని ఎవరైనా అంటే నమ్మకండి.

లాయర్‌ని ఎలా పట్టుకోవాలంటే, ఆ కోర్టులోనే రోజూ ఈ కేసులు చూసేవాళ్లని అడగండి. కోర్టు బయట నిలబడి ఇంత ఇస్తే కేసు మాయం చేస్తామనే వాళ్ల చేతిలో ఒక్క రూపాయి పెట్టొద్దు. మీ తరఫున వాదించే అధికారం లాయర్‌కి ఇచ్చే వకాలత్ మీద సంతకం పెట్టాక వారెంట్ ఉందేమో చూపించి, ఉంటే దాన్ని వెనక్కి తీసుకోమని రీకాల్ పిటిషన్ వేయించి మీరే స్వయంగా హాజరవ్వండి. ఇది బెయిలబుల్ నేరం, అంటే బెయిల్ హక్కుగా దొరుకుతుంది, భయపడక్కర్లేదు. చార్జిషీట్, స్లిప్ కాపీలు ఫ్రీగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి, అవి చూడకుండా నోరు విప్పొద్దు. చూశాక కాగితాలన్నీ పక్కాగా ఉంటే ఒప్పుకుని, మొదటి తప్పు కాబట్టి ఫైన్‌తో సరిపెట్టమని అడగడమే మంచిది కావచ్చు, అది లాయర్ చెప్పాలి. ఫీజు ఇచ్చుకోలేని పరిస్థితి అయితే 15100కి ఫోన్ చేసి లీగల్ ఎయిడ్‌కి అర్హత ఉందేమో కనుక్కోండి.

ఫామ్ ఆఖరి తేదీ మీరు రాయలేదు. కేసు తేలేలోపు అది వచ్చేస్తే కేసు నంబర్, కోర్టు పేరు కనుక్కుని పెండింగ్ అని రాసి, ఆ పేజీ జిరాక్స్ ఒకటి మీ దగ్గర ఉంచుకుని పంపండి.