వాడికి పన్నెండేళ్లు, సినిమాకి పద్దెనిమిది

ప్రశ్న: అక్కా, మాది చెన్నై పెరంబూర్. ఒక యాక్షన్ సినిమా మొదటి భాగాన్ని ఇంటిల్లిపాదీ థియేటర్లో చూశాం. రెండో భాగానికి నలుగురికీ టికెట్లు బుక్ చేసుకుని వెళ్తే గేటు దగ్గర మావాణ్ణి ఆపేశారు. ‘ఏ’ సర్టిఫికెట్ అట. వాడికి పన్నెండేళ్లు. పక్కన మేమిద్దరం ఉన్నాం కదా అన్నా వినలేదు. వాడు ఆ రాత్రి అన్నం కూడా తినలేదు. అదే హీరో, అదే కథ, వయసు మాత్రం ఎందుకు మారింది?

జవాబు: నలుగురి ముందు వెనక్కి తిరిగి రావడం ఆ వయసు పిల్లాడికి ఎంత చిన్నతనంగా ఉంటుందో నాకు తెలుసమ్మా. నీ తప్పేం లేదని ముందు వాడికి చెప్పండి. గేటు దగ్గరున్న మనిషిది కూడా తప్పు కాదు. మన చట్టంలో ‘ఏ’ అంటే అమ్మానాన్నా వెంట ఉన్నా 18 ఏళ్ల లోపు వాళ్లని పంపకూడదు. అమెరికాలో ‘ఆర్’ అని ఇచ్చే సినిమాకి 17 లోపు పిల్లలు పెద్దవాళ్లతో కలిసి వెళ్లొచ్చు. ఆ రెండూ ఒకటే అనుకుని చాలామంది మీలాగే ఇబ్బంది పడుతున్నారు.

ఇక వయసు ఎందుకు మారిందంటే, సెన్సార్ వాళ్లు సర్టిఫికెట్ ఇచ్చేది వాళ్ల ముందు పెట్టిన ఆ ఒక్క సినిమాకే. మొదటి భాగానికి వచ్చింది రెండో భాగానికి చెల్లదు. తమిళ వెర్షన్‌కి, తెలుగు డబ్బింగ్‌కి కూడా దేని సర్టిఫికెట్ దానిదే. కేజీఎఫ్ రెండు భాగాలకీ యూ/ఏ వచ్చింది, అంటే పెద్దవాళ్లు వెంట ఉంటే పిల్లలూ చూడొచ్చు. అదే దర్శకుడు తీసిన సలార్‌కి 2023లో ‘ఏ’ ఇచ్చారు. 2025 ఆగస్టులో కూలీ సినిమాకి ‘ఏ’ వస్తే, కేజీఎఫ్‌కి యూ/ఏ ఇచ్చారు కదా, మాకెందుకివ్వరని నిర్మాతలు మద్రాసు హైకోర్టుకి వెళ్లారు. కోర్టు కొట్టేసింది.

హాలీవుడ్‌లో ఇది ఇంకా బాహాటంగా జరుగుతుంది. డై హార్డ్ మొదటి మూడు సినిమాలూ ‘ఆర్’. 2007లో వచ్చిన నాలుగోదాన్ని పీజీ-13కి దించారు, 2013లో ఐదోది మళ్లీ ‘ఆర్’. టెర్మినేటర్ కూడా అంతే, 2009లో దిగింది, 2019లో ఎక్కింది. పీజీ-13 ఉంటే స్కూలు పిల్లలు కూడా సొంతంగా టికెట్ కొనుక్కోవచ్చు కాబట్టి వసూళ్లు పెరుగుతాయని ఆశ. అందుకోసం రక్తం తగ్గిస్తారు, తూటాలు మాత్రం తగ్గవు. నాకు కోపం వచ్చేది అక్కడే.

నేను కోడంబాక్కం ఎడిటింగ్ రూముల్లో పంతొమ్మిదేళ్లు పనిచేశాను. ఒక సినిమాలో పొట్టలో కత్తి దిగే షాట్ తీసేయమన్నారు. రెండు సెకన్లు కూడా లేదది. తీసేసి ఆ చోట హీరో మొహం క్లోజప్ పెట్టాం. శబ్దం మాత్రం అలాగే ఉంచాం. తడిగుడ్డ చుట్టిన క్యాబేజీలో కత్తి దించి రికార్డు చేసిన శబ్దం అది, పక్కనే ఉండి చూశాను. ప్రివ్యూకి వచ్చినవాళ్లలో ఎనిమిదేళ్ల పాప ఒకతి ఉంది. సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుంది. తెర మీద అప్పుడు హీరో మొహం తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత ‘కట్ ఇచ్చాం, ఇక పిల్లలు చూడొచ్చు’ అని ఎవరన్నా నేను నమ్మలేదు.

అందుకే ఈసారి యూ/ఏ వచ్చినా సరే, మీలో ఒకరు ముందు వెళ్లి చూసి రండి. 2024 నుంచి యూఏలోనే 7+, 13+, 16+ అని మూడు రకాలు చేశారు. బుకింగ్ యాప్‌లో సినిమా పేరు దగ్గరే కనిపిస్తుంది. అది పెద్దవాళ్లకి ఇచ్చే సలహా. 16+ అని ఉన్నా మీరు తీసుకెళ్తే గేటు దగ్గర ఆపరు. అంటే ఆపాల్సింది మీరే. ‘ఏ’ సినిమాని టీవీ కోసం కత్తిరించి మళ్లీ సర్టిఫికెట్ తెచ్చుకుంటారు కాబట్టి, కొన్నాళ్లకి అదే సినిమా మీ హాల్లోకే రావచ్చు. అప్పుడు రిమోట్ మీ చేతిలో ఉంచుకోండి.

ప్రశ్న: మేడమ్, వేళచ్చేరి నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి ఫోన్లో ఆడే షూటింగ్ గేమ్‌లో రక్తం ఆకుపచ్చగా ఉంటుంది. ‘రక్తం లేదు నాన్నా, భయమెందుకు’ అంటాడు. నిజమేనా?

జవాబు: రంగు మార్చడం పాత పద్ధతేనండీ. 1993లో మోర్టల్ కాంబాట్ అనే ఫైటింగ్ గేమ్ ఇళ్లలో ఆడే మెషీన్లకి వచ్చినప్పుడు, ఆ మెషీన్లు చేసే నింటెండో వాళ్లు రక్తం తీసేసి బూడిదరంగు చెమట పెట్టారు. పోటీ కంపెనీ సెగా వాళ్లది మాత్రం ఒక సీక్రెట్ కోడ్ కొడితే రక్తం వచ్చేది. ఎక్కువ అమ్ముడుపోయింది సెగాదే. ఆ గొడవ అమెరికా సెనేట్ దాకా వెళ్లి, 1994లో గేమ్‌లకి వయసు రేటింగ్ ఇచ్చే ఈఎస్‌ఆర్‌బీ పుట్టింది. నింటెండో కూడా రెండో భాగంలో రక్తం ఉంచేసింది.

మన దగ్గర గేమ్‌లకి సినిమా సెన్సార్ లాంటి బోర్డు లేదు. ప్లే స్టోర్‌లో కనిపించే వయసు, గేమ్ చేసినవాళ్లే ఒక ప్రశ్నాపత్రం నింపితే వచ్చేది. స్టోర్ సెట్టింగ్స్‌లో పేరెంటల్ కంట్రోల్స్ ఉంటుంది, పిన్ పెట్టేయండి. ఇప్పటికే ఫోన్లో ఉన్న గేమ్‌ని అది ఆపదు. కాబట్టి ఈ ఆదివారం అబ్బాయి పక్కన కూర్చోండి. హెడ్‌ఫోన్స్ తీయించి, స్పీకర్లో ఒక మ్యాచ్ మొదటి నుంచి చివరిదాకా వినండి. ఏం వినబడిందో నాకు రాయండి.