హ్యాండిక్యాప్ పందెంలో మొదట చూడవలసింది: క్రితం పరుగుకూ ఈ పరుగుకూ మధ్య ఏం మారింది?

మెరుగైన గుర్రానికి ఎక్కువ బరువు మోయించి అందరి అవకాశాలనూ సమానం చేయాలని చూసే గుర్రప్పందెమే హ్యాండిక్యాప్. అందులో గుర్రాన్ని ఎంచుకోవడానికి రేటింగు (గుర్రం సత్తాకు ఇచ్చే అంకె), బరువు, దూరం, డ్రా (గుర్రం బయలుదేరే గేటు స్థానం), జాకీ, ఫామ్ (ఇటీవలి పరుగుల తీరు), మైదానం తీరు అంటూ మీరు పెద్ద జాబితాయే ఇచ్చారు. వీటిలో దేనికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలన్నది మీ ప్రశ్న. మలక్‌పేట రేసుకోర్సుకు చాలా ఏళ్లుగా వెళుతూ, పందెం ముగిసిన ప్రతిసారీ నోట్సు రాసుకునే అలవాటున్న మనిషిగా నా సమాధానం ఇది. ఏ అంశానికీ శాశ్వతంగా మొదటి స్థానం లేదు. ఒక గుర్రం క్రితంసారి పరుగెత్తిన పరిస్థితులకూ ఈసారి పరిస్థితులకూ మధ్య ఏది బాగా మారిందో, ఆ పందెంలో ఆ గుర్రానికి అదే అన్నిటికన్నా ముఖ్యం. మారనివన్నీ పాత పరుగు ఫలితంలోనే ఇమిడి ఉంటాయి కనుక వాటిని మళ్లీ విడిగా లెక్కగట్టనక్కరలేదు.

మార్పుల్లో నేను ముందుగా వెతికేది తరగతి మార్పు, అంటే గుర్రం దిగే పందెపు రేటింగు శ్రేణి మారడం. మన దేశంలో హ్యాండిక్యాపర్ (రేటింగులు నిర్ణయించే అధికారి) ఇచ్చే ఒక రేటింగు పాయింటు అరకిలో బరువుతో సమానం. ఒక గుర్రం రేటింగు 46 అనుకుందాం. 40 నుంచి 65 వరకు రేటింగున్న గుర్రాల పందెంలో 65 రేటింగు గుర్రం 60 కిలోలు మోస్తే, 19 పాయింట్లు తక్కువున్న మన గుర్రానికి తొమ్మిదిన్నర కిలోలు తగ్గి 50.5 కిలోలు పడతాయి. అక్కడది ఓడి, రేటింగు 44కు తగ్గిందనుకుందాం. తరువాత 20 నుంచి 45 వరకు ఉన్న కింది తరగతిలో దిగితే, అక్కడ 45 గుర్రానికి 60 కిలోలైనప్పుడు దీనికి 59.5 కిలోలు వస్తాయి. రేసుకార్డు పైపైన చూసినవారికి కనబడేది తొమ్మిది కిలోల పెరుగుదల ఒక్కటే, దానితో చాలామంది ఆ గుర్రాన్ని పక్కన పెట్టేస్తారు. కానీ జరిగినదేమిటంటే, క్రితంసారి తనకన్నా 19 పాయింట్ల మెరుగైన గుర్రంతో పోటీపడినది ఈసారి ఆ తరగతిలో దాదాపు అందరికన్నా మెరుగైనదిగా నిలబడింది.

బరువులు అందరినీ సమానం చేస్తున్నప్పుడు తరగతి దిగినా లాభమేముందని మీరు అడగవచ్చు. కాగితం మీద లాభం లేదు, మైదానంలో ఉంది. పై తరగతిలో మొదటి 400 మీటర్ల వేగాన్నే అందుకోలేక వెనకబడిన గుర్రం, కింది తరగతిలో ఆ వేగం తగ్గేసరికి సులువుగా ముందు వరుసలో పరుగెత్తుతుంది; ఆ సౌలభ్యాన్ని అరకిలోల లెక్క పూర్తిగా పట్టుకోలేదు. అందుకే క్రితం పరుగు వీడియో చూసేటప్పుడు అది ఎన్నో స్థానంలో వచ్చిందన్నదానికన్నా, ఎక్కడ వెనకబడిందన్నది గమనించండి. మొదట్లోనే వెనకబడి, చివరి 200 మీటర్లలో అంతరాన్ని తగ్గించుకుంటూ వచ్చిన నాలుగో స్థానం వేరు, మలుపు దాకా ముందుండి ఆపైన అలసిపోయిన నాలుగో స్థానం వేరు.

ఒకే తరగతిలో బరువు మాత్రమే మారినప్పుడు ఒక కొండగుర్తు ఉంది: 1000, 1100 మీటర్ల పందేల్లో సుమారు కిలోన్నర, 1600 మీటర్లలో సుమారు ఒక కిలో, ఒక లెంగ్తు (గుర్రం శరీరమంత పొడవు) తేడాతో సమానం. దూరం పెరిగేకొద్దీ బరువు ప్రభావమూ పెరుగుతుంది. కాబట్టి 1100 మీటర్లలో మూడు లెంగ్తుల తేడాతో గెలిచిన గుర్రానికి రెండు కిలోలు పెరిగాయని భయపడడం అనవసరం.

దూరం మారినప్పుడు, గుర్రం దాన్ని తట్టుకోగలదో లేదో అంచనా వేయడానికి పైన చెప్పిన ఆ చివరి 200 మీటర్లే మళ్లీ అక్కరకు వస్తాయి. వానాకాలపు సీజన్ ఆరంభంలో పొట్టి దూరాల్లో కనబడిన మూడేళ్ల గుర్రాలు అక్టోబరు 2న జరిగే దక్కన్ డెర్బీలో 2000 మీటర్లు పరుగెత్తవలసి వస్తుంది. అది హ్యాండిక్యాప్ కాదు గనుక అక్కడ రేటింగు బరువుల ప్రసక్తి లేదు, దూరాన్ని తట్టుకోవడమే అసలు పరీక్ష. వానకు మెత్తబడిన నేల మీద వచ్చిన ఫలితాన్ని చలికాలపు గట్టి నేలకు యథాతథంగా అన్వయించకూడదన్నది కూడా ఈ కోవలోదే. డ్రా సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, గుర్రాలు ఎక్కువగా ఉన్న పొట్టి పందెంలో పట్టించుకోండి, 2000 మీటర్లలో వదిలేయండి.

జాకీ మార్పును చాలామంది అన్నిటికన్నా పైన పెడతారు, నేను పెట్టను. పేరున్న జాకీ ఎక్కాడన్న సంగతి అందరికీ తెలుస్తుంది కనుక ధర, అంటే గెలిస్తే పందెం మీద వచ్చే మొత్తం, అప్పుడే పడిపోతుంది. అందరి పందెపు డబ్బునూ ఒకచోట చేర్చే టోట్‌లో పన్ను, క్లబ్బు వాటా పోగా మిగిలినదాన్నే గెలిచినవారికి పంచుతారు. అందువల్ల అందరూ చూసిన అంశాన్నే మీరూ చూసి పెట్టే పందెంలో, గుర్రం గెలిచినా మీకు దక్కేది తక్కువ. అమెరికాలో ఫేవరెట్లు (జనం ఎక్కువగా డబ్బు పెట్టిన గుర్రాలు) సుమారు మూడింట ఒక వంతు పందేలు గెలుస్తాయన్నది చిరకాలంగా స్థిరపడిన అంచనా, అంటే జనం అభిప్రాయం తేలిగ్గా తీసిపారేయదగినదీ కాదు, గుడ్డిగా నమ్మదగినదీ కాదు. గుర్రప్పందెంలో నైపుణ్యానిదే పైచేయి అని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. ఆ నైపుణ్యంలో అధికభాగం, ధరలో ఇంకా చేరని మార్పును పట్టుకోవడమేనని నా దృఢమైన నమ్మకం.

పందేనికి ముందు గుర్రాలను నడిపించి చూపే ప్యాడక్‌లోనూ ఇదే పద్ధతి పాటిస్తాను. మెడ మీద నురగ, తొడల మధ్య చెమట కనబడగానే గుర్రం పనికిరాదని తేల్చకండి. కొన్ని గెలిచిన రోజున కూడా అలాగే ఉంటాయి. ఎప్పుడూ పొడిగా, తలదించుకుని నెమ్మదిగా నడిచే గుర్రం ఒక రోజు జీనుకింద తడిసి, నడిపించే మనిషిని లాగుతూ ఉంటే మాత్రం నేను దానిపై పందెం మానుకుంటాను. దీనికోసమైనా ఒక్కొక్క గుర్రం నడక ఎలా ఉందో నోట్సులో రాసుకోవాలి.

ఈ పద్ధతి పనిచేయని పందేలు ఉన్నాయి. తొలిసారి పరుగెత్తే గుర్రాలు నిండిన మెయిడెన్ (ఇంతవరకు గెలవని గుర్రాల) పందెంలో పోల్చడానికి క్రితం పరుగే ఉండదు. వంశం, ట్రాక్‌వర్క్ (సాధన పరుగుల) టైమింగులు, మాక్ రేసులో (సాధన పందెంలో) కనబడిన తీరు, ఇంతే ఆధారం; వాటిని చూసి నేర్చుకోవడానికి నిలబడతాను గానీ, ఆ పందేల్లో నేను డబ్బు పెట్టను.